డబుల్ క్లిక్ చేస్తే ఏ ఫైల్ దేంట్లో తెరుచుకోవాలో కంప్యూటర్‌కు మనమే చెప్పడం ఎలా?

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరైనా, పాలమూరు బస్టాండ్ దగ్గరైనా హాల్‌టికెట్లు వచ్చే రోజుల్లో నెట్ సెంటర్లకు తీరిక ఉండదు. కౌంటర్ ముందు పిల్లలు, వాళ్ల వెనక బస్సు టైమ్ చూసుకుంటున్న తల్లిదండ్రులు. అలాంటప్పుడు పీడీఎఫ్ మీద డబుల్ క్లిక్ చేస్తే వెంటనే ప్రింట్ తీసే ప్రోగ్రామ్ రావాలి. బ్రౌజర్ తెరుచుకుని, పాత ట్యాబులన్నీ లోడ్ చేసుకుని, పైన ఇంకో ప్రకటన చూపిస్తే ఆ ఒక్క ప్రింట్‌కు పట్టే టైమ్ రెట్టింపవుతుంది. రోజంతా లెక్క వేసుకుంటే ఇది చిన్న నష్టం కాదు. ఇంట్లో చదువుకునే పిల్లల కంప్యూటర్‌లోనూ ఇదే తంటా: పాట నొక్కితే ఇంకేదో తెరుచుకుంటుంది, ఫొటో నొక్కితే "ఏ యాప్‌తో తెరవాలి" అని అడుగుతుంది.

దీన్ని సరిచేసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు. కానీ ఏ రకం ఫైల్‌కు ఏ యాప్ పెట్టాలన్నది మీరు చేసే పనిని బట్టి ఉంటుంది. ఆ నిర్ణయం ఇన్‌స్టాల్ అయిన ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ వదిలేయకూడదు.

ముందు ఫైల్ పూర్తి పేరు కనబడనివ్వండి

డబుల్ క్లిక్ చేసినప్పుడు విండోస్ ఫైల్ లోపల ఏముందో చదవదు. పేరు చివర చుక్క తర్వాత ఉన్న అక్షరాలు మాత్రమే చూస్తుంది. వాటినే ఎక్స్‌టెన్షన్ అంటాం. పీడీఎఫ్ అని ఉంటే ఈ ప్రోగ్రామ్, జేపీజీ అని ఉంటే ఆ ప్రోగ్రామ్ అని దాని దగ్గర ఒక జాబితా ఉంటుంది. ఒక రకానికి అలా రాసి ఉన్న ప్రోగ్రామ్‌నే దాని డిఫాల్ట్ యాప్ అంటాం. మనం మార్చేది ఆ జాబితానే. ఫైల్‌కు ఏమీ కాదు, అందులోని ఒక్క అక్షరం కూడా మారదు. కాబట్టి భయం లేకుండా మార్చి చూడవచ్చు.

చిక్కేమిటంటే, విండోస్ మామూలుగా ఈ చివరి అక్షరాలను దాచి పెడుతుంది. వాటిని బయటికి తెద్దాం. విండోస్ 11లో ఏదైనా ఫోల్డర్ తెరిచి పైన వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ నొక్కండి. విండోస్ 10లో వ్యూ ట్యాబ్‌లోనే ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అనే గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. ఇకనుంచి ఏ ఫైల్ ఏ రకమో కంటికి కనబడుతుంది. ఈ పని తప్పకుండా చేయండి, కింద భద్రత గురించి చెప్పేదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఒక హెచ్చరిక: ఎక్స్‌టెన్షన్ కనబడుతోంది కదా అని పేరు మార్చేటప్పుడు దాన్ని చెరపకండి. ఐఫోన్ ఫొటో పేరు చివర హెచ్‌ఈఐసీ అని ఉన్నచోట జేపీజీ అని రాసినంత మాత్రాన ఫొటో జేపీజీ అయిపోదు.

ఒక రకం ఫైల్‌కు యాప్ మార్చడం

1. ఆ రకం ఫైల్ ఏదైనా ఒకటి తీసుకుని దాని మీద మౌస్ కుడి బటన్ నొక్కండి.
2. ఓపెన్ విత్ మీదికి వెళ్లి, చూజ్ అనదర్ యాప్ ఎంచుకోండి.
3. వచ్చిన జాబితాలో మీకు కావాల్సిన యాప్ మీద ఒకసారి నొక్కండి.
4. విండోస్ 11లో కింద ఆల్వేస్, జస్ట్ వన్స్ అని రెండు బటన్లు ఉంటాయి. ఆల్వేస్ నొక్కండి. విండోస్ 10లో అయితే "ఆల్వేస్ యూజ్ దిస్ యాప్" అన్న గడికి టిక్ పెట్టి ఓకే అనండి.
5. కిటికీ మూసేసి, అదే రకం ఇంకో ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి చూడండి.

ఎక్కువమంది తప్పేది నాలుగో మెట్టు దగ్గరే. ఆల్వేస్ అనకుండా తెరిస్తే ఆ ఒక్కసారికే పనిచేసి, రేపు మళ్లీ మొదటికి వస్తుంది.

మీ యాప్ జాబితాలో లేకపోతే కిందికి జరపండి. విండోస్ 11లో "చూజ్ యాన్ యాప్ ఆన్ యువర్ పీసీ", విండోస్ 10లో "మోర్ యాప్స్" నొక్కాక "లుక్ ఫర్ అనదర్ యాప్ ఆన్ దిస్ పీసీ" అని వస్తుంది. అక్కడినుంచి సీ డ్రైవ్, ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్లి ఆ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లో ఉన్న ఈఎక్స్‌ఈ ఫైల్‌ను చూపించాలి.

ఫైల్ చేతిలో లేకపోయినా మార్చవచ్చు. సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్ తెరవండి. విండోస్ 11లో పైన ఉన్న గడిలో ముందు చుక్క పెట్టి ఎక్స్‌టెన్షన్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తే ప్రస్తుతం ఏ యాప్ ఉందో చూపిస్తుంది. దాని మీద నొక్కి మార్చుకోవాలి. విండోస్ 10లో అదే పేజీ కింద "చూజ్ డిఫాల్ట్ యాప్స్ బై ఫైల్ టైప్" అన్న లింకు ఉంటుంది. బ్రౌజర్‌ను మార్చాలన్నా ఇదే పేజీ: విండోస్ 11లో ఆ బ్రౌజర్ పేరు మీద నొక్కితే పైన సెట్ డిఫాల్ట్ అనే బటన్ వస్తుంది. 2021లో విండోస్ 11 మొదట వచ్చినప్పుడు ఈ బటన్ లేదు, ఒక్కో రకాన్నీ విడివిడిగా మార్చాల్సి వచ్చేది. 2022 అప్‌డేట్‌తో వచ్చింది. మీకు కనబడకపోతే అప్‌డేట్లు పెండింగ్‌లో ఉన్నాయేమో చూడండి.

విండోస్ 7 ఇంకా వాడుతున్న షాపులు దేవరకొండలోనూ అచ్చంపేటలోనూ ఉంటే, కంట్రోల్ ప్యానెల్‌లో డిఫాల్ట్ ప్రోగ్రామ్స్ అన్నచోట ఇదే పని జరుగుతుంది. అయితే దానికి భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14న ఆగిపోయాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. జనం ఆధార్, బ్యాంకు కాగితాలు తెచ్చి తెరిచే కంప్యూటర్‌ను అలా వదిలేయడం మంచిది కాదు.

పీడీఎఫ్: ఇంటికి ఒకటి, షాపుకు ఒకటి

విండోస్ 10, 11 రెండింటిలోనూ మొదట పీడీఎఫ్ ఎడ్జ్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. ఇంట్లో పాఠాలు, ప్రశ్నపత్రాలు చదువుకోవడానికి అది చాలు, ఇంకేదీ ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు. కానీ జిరాక్స్ షాపు, మీసేవ, నెట్ సెంటర్ నడిపేవాళ్లు పీడీఎఫ్ కోసమే తయారైన రీడర్‌ను పెట్టుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. దానికి కారణాలున్నాయి.

మొదటిది ప్రింట్. ఫైళ్లను ఎంచుకుని కుడి క్లిక్ చేసి ప్రింట్ అంటే, విండోస్ ఆ పనిని డిఫాల్ట్ యాప్‌కే అప్పజెబుతుంది. ఎడ్జ్ డిఫాల్ట్‌గా ఉంటే పీడీఎఫ్ మీద కుడి క్లిక్ మెనూలో ప్రింట్ అన్న మాటే కనబడదు. అడోబీ రీడర్ లాంటిది పెడితే కనబడుతుంది. అప్పుడు ఫైళ్లు ఒక్కొక్కటీ తెరవకుండా ఒకేసారి ప్రింట్‌కు పంపవచ్చు. ఇక్కడ ఒక పరిమితి గుర్తుంచుకోండి: 15 కంటే ఎక్కువ ఫైళ్లు ఎంచుకుంటే మెనూలోంచి ఓపెన్, ప్రింట్ మాయమవుతాయి. కంప్యూటర్ చెడిపోలేదు, విండోస్ పద్ధతే అది. ఓ కాలేజీ వాళ్లు క్లాసు మొత్తానికి హాల్‌టికెట్లు తెస్తే 15 చొప్పున విడగొట్టి పంపండి. ఇలా పంపినవి డిఫాల్ట్ ప్రింటర్‌కే వెళ్తాయి కాబట్టి, కలర్ ప్రింటర్, బ్లాక్ ప్రింటర్ రెండూ ఉన్న షాపులో సెట్టింగ్స్‌లోని ప్రింటర్స్ పేజీకి వెళ్లి "లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్" అన్నదాన్ని ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే చివరిసారి వాడిన ప్రింటరే డిఫాల్ట్ అవుతుంది, కలర్ ఇంకు అనవసరంగా పోతుంది.

రెండోది ఈ-ఆధార్. అందులో డిజిటల్ సంతకం ఉంటుంది, మొదట తెరిచినప్పుడు అక్కడ పసుపు ప్రశ్నార్థకం కనబడుతుంది. దాన్ని సరిచూడటానికి అడోబీ రీడర్‌లో తెరిచి ఆ గుర్తు మీద కుడి క్లిక్ చేసి, వ్యాలిడేట్ సిగ్నేచర్ నొక్కాలి. మొదటిసారి ఆ సర్టిఫికెట్‌ను నమ్మదగినవాటి జాబితాలో చేర్చమని అడుగుతుంది, చేర్చాక ఆకుపచ్చ టిక్ వస్తుంది. ఇక ఈ-ఆధార్ తెరవగానే పాస్‌వర్డ్ అడిగితే యాప్ తప్పుగా పెట్టామని అనుకోకండి. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, వెంటనే పుట్టిన సంవత్సరం, మొత్తం ఎనిమిది అక్షరాలు. ఏ యాప్‌లో తెరిచినా అది అడుగుతుంది.

మూడోది కొన్ని పాత దరఖాస్తు ఫారాలు. బ్రౌజర్‌లో తెరిస్తే ఫారానికి బదులు "ప్లీజ్ వెయిట్" అన్న ఒక్క పేజీ వచ్చి అక్కడే ఆగిపోతుంది. ఫైల్ పాడైందని కస్టమర్‌ను వెనక్కి పంపకండి. అది ఎక్స్‌ఎఫ్‌ఏ అనే రకం పీడీఎఫ్. ఆ ఫైల్‌ను సేవ్ చేసి అడోబీ రీడర్‌లో తెరిస్తే ఫారం వస్తుంది.

సీఎస్‌వీ: డబుల్ క్లిక్‌తో నంబర్లు పోయే ఫైల్

అన్నిటికంటే శ్రద్ధగా చదవాల్సింది ఇదే. బ్యాంకు స్టేట్‌మెంట్లు, లబ్ధిదారుల జాబితాలు, ఆన్‌లైన్ ఫారాల జవాబులు తరచుగా సీఎస్‌వీ ఫైళ్లుగా, అంటే గడులను కామాలతో విడగొట్టిన మామూలు అక్షరాల ఫైళ్లుగా వస్తాయి. ఎక్సెల్ ఉన్న కంప్యూటర్‌లో డబుల్ క్లిక్ చేస్తే అది ఎక్సెల్‌లోకే పోతుంది. ఎక్సెల్ చాలాసార్లు ఏమీ అడగకుండా అంకెలన్నిటినీ లెక్క చేసే సంఖ్యలుగా మార్చేసుకుంటుంది. దాంతో మూడు నష్టాలు.

నంబర్ ముందున్న సున్నాలు పోతాయి. పన్నెండు, ఆపైన అంకెలున్న నంబర్, ఆధార్ లాంటిది, మధ్యలో దశాంశ చుక్క, చివర ప్లస్ గుర్తుతో ముడుచుకుపోయి కనబడుతుంది. ఈ రెండో దాన్ని గడి ఫార్మాట్ మార్చి సరిచేసుకోవచ్చు. కానీ పదిహేను అంకెలు దాటిన ఖాతా నంబర్లలో మిగిలిన అంకెలు సున్నాలైపోతాయి. మిర్యాలగూడలో ఓ రైస్ మిల్లు అకౌంటెంట్ రైతుల ఖాతాల జాబితా ఇలా తెరిచి, అలవాటుగా సేవ్ కొట్టి మూసేస్తే అసలు నంబర్లు ఆ ఫైల్‌లో ఇక ఉండవు. డబ్బు ఎవరికి పోవాలో చెప్పే కాగితం అది.

తెలుగు పేర్ల సంగతీ అంతే. యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌కైనా అర్థమయ్యే అక్షరాల పద్ధతిలో, చక్కగా ఉన్న పేర్లు డబుల్ క్లిక్‌తో ఎక్సెల్‌లోకి వస్తే గీతలు పెట్టిన ఇంగ్లిష్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు కలిసి పిచ్చి రాతలా కనబడవచ్చు. ఫైల్ మంచిదే, తెరిచిన తీరు తప్పు.

అందుకే సీఎస్‌వీకి లిబ్రేఆఫీస్ క్యాల్క్‌ను డిఫాల్ట్‌గా పెట్టమంటాను. అది ఉచితం, తెరిచే ముందు ఒక కిటికీ చూపించి అడుగుతుంది. అందులో క్యారెక్టర్ సెట్ దగ్గర యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి. కింద కనబడే పట్టికలో ఖాతా నంబర్, ఆధార్, ఫోన్ ఉన్న నిలువు వరుసల తలలను నొక్కి, కాలమ్ టైప్ అన్నచోట టెక్స్ట్ పెట్టండి. తర్వాత ఓకే. అంకెలూ, తెలుగూ ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. మామూలు ఎక్సెల్ ఫైళ్లకు ఎక్సెల్‌నే ఉంచుకోండి, ఒక్క సీఎస్‌వీనే మార్చండి. డిఫాల్ట్ ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కు విడిగా ఉండటం వల్లే ఇది సాధ్యం.

ఎక్సెల్‌లోనే పని చేయక తప్పదంటే ఖాళీ షీట్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్ ఆర్ సీఎస్‌వీ అన్నదాని ద్వారా ఫైల్ తెచ్చుకోండి. అక్కడ డేటా టైప్ డిటెక్షన్ దగ్గర "డు నాట్ డిటెక్ట్" ఎంచుకోవాలి.

ఫొటోలు, వీడియోలు

దుబాయ్ నుంచో ముంబయి నుంచో కొడుకు ఐఫోన్‌లో తీసిన ఫొటో ఈమెయిల్‌లో పంపితే అది హెచ్‌ఈఐసీ ఫైల్ కావచ్చు. ఐఫోన్లలో 2017 నుంచి ఇదే పద్ధతి. దాన్ని ఏ యాప్‌కు కట్టినా, ఆ యాప్‌కు ఆ భాష రాకపోతే తెరవలేదు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో హెచ్‌ఈఐఎఫ్ ఎక్స్‌టెన్షన్ (ఇక్కడ ఈ మాటకు అర్థం యాప్‌కు తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్) ఉచితంగా దొరుకుతుంది, కానీ దానితోపాటు హెచ్‌ఈవీసీ అనే ఇంకోటి కూడా అవసరం పడుతుంది, దానికి డబ్బు అడుగుతుంది. సులువైన దారి: ఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లో మోస్ట్ కంపాటబుల్ పెట్టమని చెప్పండి. ఇకపై తీసేవన్నీ జేపీజీలే అవుతాయి. వీడియోలకు, పాటలకు వీఎల్‌సీ పెట్టుకుంటే చాలావరకు ఇబ్బంది ఉండదు.

డీటీపీ షాపులకు రెండు మాటలు

జడ్చర్లలోనో సూర్యాపేటలోనో పెళ్లిపత్రికలు చేసే షాపుల్లో పేజ్‌మేకర్ ఫైళ్లు ఏళ్లుగా పోగుపడి ఉంటాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, అది 2001 నాటిది. పాత కంప్యూటర్ పోయి కొత్తది వచ్చాక ఆ ఫైళ్లకు తెల్ల కాగితం బొమ్మే మిగులుతుంది. వాటికి ఇన్‌డిజైన్‌ను డిఫాల్ట్‌గా పెడదామంటే సీఎస్6 వరకే అది పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తుంది, తర్వాతి వెర్షన్లు తెరవవు. కాబట్టి పాత కంప్యూటర్ నడుస్తుండగానే ముఖ్యమైనవి పీడీఎఫ్‌లుగా తీసి పెట్టుకోండి.

అను ఫాంట్లతో టైప్ చేసిన వర్డ్ ఫైల్ ఇంకో కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరాల గందరగోళంగా కనబడితే కూడా యాప్ మార్చి లాభం లేదు. అక్కడ లేనిది ఫాంట్. కోరల్‌డ్రా రెండు వెర్షన్లు ఉన్నచోట మాత్రం కొత్త వెర్షన్‌నే డిఫాల్ట్‌గా ఉంచండి. పాతది కొత్త ఫైళ్లను తెరవలేదు. ఫ్లెక్సీ ప్రింటింగ్ వాళ్ల దగ్గర పాత వెర్షన్ ఉంటే సేవ్ యాజ్‌లో ఆ వెర్షన్ ఎంచుకుని ఇవ్వండి.

భద్రత కోసం మార్చాల్సినవి

డిఫాల్ట్ యాప్ కేవలం సౌకర్యం కోసమే కాదు, రక్షణకు కూడా పనికొస్తుంది. జేఎస్, వీబీఎస్, డబ్ల్యూఎస్‌ఎఫ్ అనే ఎక్స్‌టెన్షన్లతో వచ్చే ఫైళ్లు స్క్రిప్టులు. ఇన్‌వాయిస్ అనో కొరియర్ రసీదు అనో పేరు పెట్టి మెయిల్‌లో పంపుతారు. విండోస్‌లో మామూలుగా వాటి మీద డబుల్ క్లిక్ చేస్తే అందులో రాసి ఉన్న ఆదేశాలు నేరుగా నడిచిపోతాయి. వాటికి డిఫాల్ట్‌గా నోట్‌ప్యాడ్ పెట్టేయండి. అప్పుడు ఎవరైనా పొరపాటున నొక్కినా ఆ ఆదేశాలు అక్షరాలుగా కనబడతాయి తప్ప నడవవు.

అలాంటి ఫైల్ మీ దగ్గర లేకపోయినా సెట్టింగ్స్‌లోని డిఫాల్ట్ యాప్స్ పేజీలో ఆ ఎక్స్‌టెన్షన్ వెతికి మార్చవచ్చు. వెబ్‌సైట్లలో నడిచే జావాస్క్రిప్ట్ బ్రౌజర్ లోపల నడుస్తుంది కాబట్టి దానికి ఏ ఆటంకమూ రాదు. మీ ఆఫీసులో ఏదైనా సాఫ్ట్‌వేర్ వీబీఎస్ ఫైళ్ల మీద ఆధారపడి ఉంటే మాత్రం దాన్ని పెట్టినవాళ్లను అడిగి మార్చండి.

ఈఎక్స్‌ఈ, ఎస్‌సీఆర్ ఫైళ్లకు ఈ ఉపాయం పనిచేయదు. అవి తామే ప్రోగ్రాములు. అక్కడ మనల్ని కాపాడేది మొదట చేసిన పనే. "ఆధార్.పీడీఎఫ్" అని బొమ్మతో సహా పీడీఎఫ్‌లా కనబడే ఫైల్, ఎక్స్‌టెన్షన్లు కనబడుతుంటే "ఆధార్.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ" అని బయటపడుతుంది. చివరి చుక్క తర్వాత ఉన్నదే నిజం. "అన్నా, జర గీ పెన్‌డ్రైవ్‌ల ఫైల్ ప్రింట్ తీయవా" అని ఎవరిచ్చినా, నొక్కేముందు ఆ చివరి అక్షరాలు చూసే అలవాటు కౌంటర్ మీద కూర్చునే ప్రతి పిల్లవాడికీ నేర్పండి.

పెట్టింది మళ్లీ మారిపోతుంటే

కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోవద్దు. మధ్యలో ఒక పేజీలో అన్ని రకాల ఫైళ్లకూ తననే డిఫాల్ట్ చేయమని ముందే టిక్ పెట్టి ఉండవచ్చు, తీసేయండి. పెద్ద అప్‌డేట్ తర్వాత కూడా కొన్ని మారవచ్చు, అప్పుడు పీడీఎఫ్, సీఎస్‌వీ రెండూ ఒకసారి నొక్కి చూసుకుంటే చాలు.

ఈ అమరికలు ఒక్కో యూజర్ అకౌంట్‌కు విడివిడిగా ఉంటాయి. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు వేరే అకౌంట్లతో పనిచేసే షాపులో ఇద్దరి దగ్గరా పెట్టాలి. నోట్‌ప్యాడ్ జాగ్రత్త కూడా అంతే, ఒక అకౌంట్‌లో చేస్తే రెండోదానికి రాదు.

మ్యాక్ ఉన్నవాళ్లు ఫైల్‌ను ఎంచుకుని కమాండ్, ఐ కలిపి నొక్కి, ఓపెన్ విత్‌లో యాప్ మార్చి, కింద చేంజ్ ఆల్ నొక్కాలి. అది నొక్కకపోతే ఆ ఒక్క ఫైల్‌కే వర్తిస్తుంది. ఉబుంటులో కుడి క్లిక్ చేసి ఓపెన్ విత్‌లోకి వెళ్తే, యాప్ ఎంచుకునేచోటే ఈ రకం ఫైళ్లకు ఎప్పుడూ దీన్నే వాడమని చెప్పే వీలుంటుంది. కొన్ని పాత వెర్షన్లలో ఇది ప్రాపర్టీస్ లోపల ఉంటుంది.

ఏదో ఒకటి చెడిందని డిఫాల్ట్ యాప్స్ పేజీ అడుగున ఉన్న రీసెట్ బటన్ దగ్గరికి పోకండి. అది నొక్కితే మీరు పెట్టుకున్నవన్నీ ఒకేసారి మైక్రోసాఫ్ట్ యాప్‌లకు వెళ్లిపోతాయి, సీఎస్‌వీ, స్క్రిప్టులతో సహా. చెడిన ఆ ఒక్క ఎక్స్‌టెన్షన్‌నే వెతికి మార్చుకోండి.